కాటా గదికి వేసిన బ్రిడ్జ్

అమలాపురం దగ్గర కాలువ గట్టున ఉన్న ఒక రైస్ మిల్లులో, ఆఫీసునూ లారీల కాటా గదినీ ఒకే నెట్‌వర్క్‌గా కలపడానికి పాత సిస్కో రౌటర్‌లో ట్రాన్స్‌పరెంట్ బ్రిడ్జింగ్ (రెండు వైపులా ఉన్న యంత్రాలు ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నట్టు డేటాను అటూఇటూ దాటించే పద్ధతి) అమర్చాను. ‘బ్రిడ్జ్ 1 ప్రోటోకాల్ ఐఈఈఈ’ అనే ఆదేశం ఇచ్చి, రెండు ఇంటర్‌ఫేస్‌ల ఐపీ చిరునామాలు తీసేసి, రెండింటికీ ‘బ్రిడ్జ్-గ్రూప్ 1’ చేర్చినా పింగ్ (అవతలి యంత్రం జవాబిస్తుందో లేదో చూసే పరీక్ష) వెళ్లలేదు. ఐపీ రౌటింగ్ (వేర్వేరు నెట్‌వర్క్‌ల మధ్య చిరునామాను బట్టి ప్యాకెట్లను పంపడం) నడుస్తున్నంతసేపూ, విడిగా చెబితే తప్ప, ఆ రౌటర్ ఐపీ ప్యాకెట్లను బ్రిడ్జ్ చేయదన్న సంగతి, ఇన్నేళ్ల అనుభవం ఉండి కూడా, మరిచిపోయాను. రౌటింగ్‌నూ బ్రిడ్జింగ్‌నూ కలిపి నడిపించే ‘బ్రిడ్జ్ ఐఆర్‌బీ’ ఆదేశం ఇచ్చి, చిరునామాను బ్రిడ్జ్ గ్రూపు తరఫున పనిచేసే ఊహా ఇంటర్‌ఫేస్ బీవీఐ 1కు పెట్టి, ‘బ్రిడ్జ్ 1 రూట్ ఐపీ’ చేర్చాక దారి కుదిరింది. అయినా స్పానింగ్ ట్రీ (డేటా ఒకే చోట చుట్టూ తిరగకుండా కాపాడే ఏర్పాటు) దారి తెరిచే ముందు వినడానికి 15, నేర్చుకోవడానికి 15 సెకన్లు తీసుకుంటుంది గనుక, ధాన్యం లారీ కాటా మీద నిలబడి ఉండగా ఆ అర నిమిషం చాలా పొడవుగా తోచింది.