మొక్కు తీరింది: అలస్ పుర్వొ అడవి గుడికి మా ప్రయాణం

నిన్న బాబు తెల్ల చొక్కా ఉతకడానికి తీస్తే జేబులో ఐదారు బియ్యపు గింజలు దొరికాయి. గుడిలో నుదుట అద్దిన గింజలు. రాలిపోతుంటే పారేయడం ఇష్టం లేక జేబులో వేసుకున్నాడట. వాటిని కుంకుమ భరిణెలో దాచి ఇది రాయడానికి కూర్చున్నాను. మొక్కు తీర్చుకుని వచ్చి వారమే అయింది. ఆ గంట ఇంకా చెవిలో మోగుతూనే ఉంది.

మాది శ్రీకూర్మం దగ్గర పల్లెటూరు. మా వారికి బట్టల మిల్లులో ఉద్యోగం కావడంతో ఇండోనేషియాలో, తూర్పు జావాలోని సురబాయలో ఉంటున్నాం. మొన్న వానల్లో మా తొమ్మిదేళ్ల బాబుకి డెంగ్యూ వచ్చింది. ఆరు రోజులు ఆసుపత్రిలోనే. పొద్దునా సాయంత్రం రక్తం తీసుకెళ్లడం, ప్లేట్‌లెట్లు ఇంకా తగ్గాయని చెప్పడం. ఆ టెన్షన్ ఏ తల్లికీ వద్దు. నాలుగో రాత్రి మా పక్కింటావిడ ఫ్లాస్కులో కాఫీ తెచ్చింది. ఆవిడ జావా హిందువు, పుట్టిల్లు బన్యువంగి జిల్లా తెగల్‌దిలిమొ వైపు. నా చెయ్యి పట్టుకుని, "మా వైపు అడవిలో స్వామి ఉన్నాడు. పగెర్వెసి నాడు వస్తానని మొక్కుకో" అంది. పగెర్ అంటే కంచె, వెసి అంటే ఇనుము. పిల్లాడి చుట్టూ ఇనుప కంచె కట్టే స్వామి అని చెప్పింది. నేను అక్కడే, మంచం కోడు పట్టుకుని మొక్కేశాను. కొబ్బరికాయ కొడతాను స్వామీ, వాడిని తీసుకుని వస్తాను అని. మర్నాడు ప్లేట్‌లెట్లు పెరగడం మొదలైంది.

వాళ్ల పంచాంగం 210 రోజులది. సరస్వతి పూజ శనివారం వస్తే, నాలుగు రోజులకి బుధవారం నాడు పగెర్వెసి. చదువుల తల్లి పండగ అయిన వెంటనే గురువు పండగ. ఆ రోజు కొలిచేది పరమేశ్వరుణ్ణే, సాంగ్ హ్యాంగ్ ప్రమెస్తి గురు అనే పేరుతో. మన దక్షిణామూర్తి లాగే, గురువుగా కూర్చున్న శివుడు. గుడి పేరు పుర లుహుర్ గిరి సలక. జావా దీవికి తూర్పు కొసన, సముద్రాన్ని ఆనుకుని 43 వేల హెక్టార్లకు పైగా పరుచుకున్న అలస్ పుర్వొ అడవిలో ఉంది. అలస్ అంటే అడవి, పుర్వొ మన పూర్వమే. సృష్టిలో మొదట తేలిన నేల ఇదేనని అక్కడివాళ్ల నమ్మకం.

ప్రయాణం గురించి ఎక్కువ రాయను. రైలు, ఆ తర్వాత అద్దె కారు, టేకు చెట్ల మధ్య ఎంతకీ తరగని రోడ్డు. అడవికి ముందు వచ్చే ఆఖరి ఊరు కలిపయిత్. కలి అంటే యేరు, పయిత్ అంటే చేదు. చేదు యేరు. అక్కడికి చేరేసరికి చీకటి పడింది, వాన దంచేస్తోంది. ఊరు దాటామో లేదో ఎర్రమట్టి గుంటలో కారు చక్రం దిగబడిపోయింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. మా వారూ డ్రైవరూ దిగి తోస్తే చక్రం ఇంకా లోపలికి పోయింది. గుడికని పైనే పెట్టుకున్న పట్టుచీర సంచి తడిసి ముద్దయింది. నాకు చీర బెంగ లేదు. వాన, దోమలు, వొళ్లో ఇప్పుడిప్పుడే తేరుకుంటున్న పిల్లాడు. మళ్లీ జ్వరం వస్తే? మొక్కు తీర్చడానికొచ్చి వాడిని చేజేతులా ప్రమాదంలోకి తెచ్చానా అని ఏడుపొచ్చేసింది. వాడి కాళ్లకి తువ్వాలు చుట్టి, శివా శివా అంటూ కూర్చున్నాను.

అప్పుడు రోడ్డు పక్క ఇంట్లోంచి ఒక ముసలావిడ గొడుగు వేసుకుని వచ్చింది. కారు అద్దంలోంచి ముందు బాబుని చూసింది, తర్వాత నన్ను. "అయో, న్డుక్, మంపిర్" అంది. రా అమ్మాయ్, మా ఇంటికి రా అని. మా అమ్మ కూడా నన్ను పేరు పెట్టి పిలవదు, అమ్మాయ్ అనే అంటుంది. ఆ మాటకే నాకు సగం ధైర్యం వచ్చింది.

అక్కడ ముసలివాళ్లని ఎంబాహ్ అంటారు. నేనూ అలాగే పిలిచాను కానీ ఇక్కడ మామ్మ అనే రాస్తాను. చిన్న పెంకుటిల్లు. వాకిట్లో రాతి గద్దె లాంటి చిన్న గుడి, మన తులసికోట ఎత్తులో, దానికి పసుపు గుడ్డ చుట్టి ఉంది. పక్క ఇంటివాళ్లు ముస్లింలు. కారు తియ్యడానికి ట్రాక్టర్ తెచ్చింది ఆ ఇంటి కుర్రాడే. మామ్మ మాట్లాడేది జావా భాష, నాకొచ్చింది వంటింటి మటుకు ఇండోనేషియా భాష. అయినా ఏదీ ఆగలేదు. బాబుకి వేడినీళ్లతో తనే కాళ్లు కడిగింది. మేం మాంసం, చేప తినమని చెబితే, కారం నూరిన రోలు తీసి వాసన చూసి పక్కన పెట్టేసింది. అందులో తెరాసి ఉందట, అంటే ఎండు రొయ్యల ముద్ద. మళ్లీ వేరే రోట్లో పల్లీలు, కెంచూర్ దుంప, మిరపకాయ, కొబ్బరి బెల్లం వేసి నూరి, ఉడికించిన ఆకుకూర మీద పోసి పెట్టింది. పెచెల్ అంటారు. మన పల్లీ పచ్చడికి చెల్లెలు లాంటిది. బాబు ఆసుపత్రి నుంచి వచ్చాక కడుపునిండా అన్నం తిన్నది ఆ రాత్రే. వాడు రెండోసారి అన్నం అడిగితే నేను ముఖం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాను.

వాన తగ్గాక వాడు కిటికీ దగ్గర నిలబడి, "అమ్మా, ఇక్కడ జాతర జరుగుతోందా?" అన్నాడు. బయటికి చూస్తే పొలం నిండా వరసలు వరసలుగా బల్బులు. డ్రాగన్ ఫ్రూట్ తోటలు. కాపు కాలం కాకపోయినా పూత పట్టాలని రాత్రంతా దీపాలు వెలిగిస్తారు. మొక్కలకి ఇంకా పగలుందనిపిస్తుందట. ఆ ప్రాంతమంతా ఇదే పంట ఇప్పుడు. నేను చాలాసేపు ఆ వెలుగు చూస్తూ ఉండిపోయాను. ఆసుపత్రిలోనూ రాత్రంతా లైట్లు ఆర్పేవారు కాదు. కానీ ఆ వెలుగు వేరు, ఇది వేరు.

మామ్మ నిద్రపోకుండా కొబ్బరాకు చీల్చి పళ్లేలు అల్లుతూ గుడి సంగతి చెప్పింది. 1967లో ఊరివాళ్లు పంట కోసం అడవి కొడుతుంటే ఒక దిబ్బ బయటపడింది, దాని నిండా పెద్ద పెద్ద ఇటుకలు. ఎవరికి తోచినన్ని వాళ్లు ఇళ్లకి మోసుకెళ్లారు. వాళ్ల నాన్న కూడా పొయ్యికని నాలుగు తెచ్చాడట. తర్వాత ఊళ్లో ఒకటే జబ్బులు, అరిష్టాలు. భయపడి అందరూ తెచ్చినవి తెచ్చినట్టు తిరిగి పెట్టేశారు. ఇప్పుడు ఆ చోటుని కవితన్ అంటారు, అంటే మూలం. దానికి కొంచెం దూరంలో కొత్త గుడి కట్టుకున్నారు. ఒకప్పుడు జావాని ఏలిన మజపహిత్ రాజ్యం పోయాక కూడా ఈ తూర్పు కొసన బ్లంబంగన్ రాజ్యం 18వ శతాబ్దం దాకా హిందూ రాజ్యంగానే నిలిచింది. మార్కండేయ మహర్షి జావా నుంచి బాలి దీవికి వెళ్లింది ఈ దారినే అని కూడా అక్కడ చెప్పుకుంటారు. మార్కండేయుడి పేరు వినగానే నాకు ఒళ్లు ఝల్లుమంది. యముడి పాశం పడినా శివుణ్ణి వదలని పిల్లవాడు. మా వాడు చాప మీద మామ్మ పక్కనే నిద్రపోతున్నాడు.

పొద్దున్న నా పట్టుచీర ఆరలేదు. మామ్మ పెట్టెలోంచి తన తెల్ల కెబయ జాకెట్టు, బాటిక్ గుడ్డ తీసి కట్టింది. నడుముకి పసుపు సెలెందంగ్ ముడివేసింది. ఆ నడికట్టు లేకుండా గుడిలోకి వెళ్లకూడదు. ముడి వేస్తూ ఏదో గొణుక్కుంది, మంత్రమో దీవెనో తెలీదు. ఊరివాళ్ల చిన్న ట్రక్కులో, నైవేద్యాల బుట్టల మధ్య కూర్చుని బయల్దేరాం. దారిలో చెట్ల మధ్య నుంచి సదెంగన్ గడ్డి మైదానం వైపు చెయ్యి చూపించి, అక్కడ అడవి ఎడ్లు మేస్తాయని, వాటికి కాళ్లు తెల్లమేజోళ్లు తొడిగినట్టుంటాయని బాబుకి చెప్పారు.

ఇక జనం గురించి చెప్పాలి. అబ్బా, ఏం జనం! బాలిలోని గిలిమనుక్ రేవులో పడవ ఎక్కి, జావా వైపు కెతపాంగ్ రేవులో దిగి, బస్సులకి బస్సులే వచ్చేశారు. అడవిలో నిశ్శబ్దంగా దర్శనం చేసుకుందామని కలలు కన్న నేను ముందు హారన్లు విన్నాను. చెప్పులు విడిచే చోటు నుంచే తోపులాట. మెట్ల మీద నిలబడి వీడియోలు తీసుకునేవాళ్లు, దారి ఇవ్వమంటే ఒక్క నిమిషం అంటారు. నైవేద్యం పూలు తొక్కుతూ పోతున్నారు. చెట్ల కింద ప్లాస్టిక్ సీసాలు, పొట్లాలు, వాటి కోసం కోతులు. అంతదూరం దేవుడి కోసం వచ్చినవాళ్లు దేవుడి అడవిని అలా చేస్తే బాధగా ఉండదా? మా బాబు అప్పటికే అలసిపోయాడు. మామ్మ ఎవరినీ ఏమీ అనలేదు, పల్లెత్తు మాట లేదు. బుట్ట నెత్తిన పెట్టుకుని, వాడి చెయ్యి పట్టుకుని, "నువున్ సెవు, నువున్ సెవు" అంటూ, మన్నించండి అంటూ, ఆ గుంపులోంచి మమ్మల్ని లోపలి ప్రాకారంలోకి తీసుకెళ్లిపోయింది.

అక్కడ విగ్రహం ఉండదు. ఎత్తయిన రాతి పద్మాసనం, పైన ఖాళీ పీఠం. పద్మాసనాల అడుగున బెదవాంగ్ నాల అనే తాబేలు, దాన్ని చుట్టుకుని అనంతభోగుడు, బాసుకి అనే పాములు ఉంటాయి. లోకమంతా ఆ తాబేలు మీద నిలబడిందని చెబుతారు. కూర్మనాథుడి ఊరి పక్కన పుట్టిన నాకు ఆ మాట ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు శ్రీకూర్మం గుడి వెనక తాబేళ్లకి మేం ఆకుకూర పెట్టేవాళ్లం. ఇంతదూరం వచ్చి, హిందూ మహాసముద్రం ఒడ్డున, నేను చేరింది మళ్లీ ఆయన వీపు మీదికేనా అనిపించింది.

అందరూ నేల మీద కూర్చున్నారు. మంకు, అంటే వాళ్ల పూజారి, గంట మోగించాడు. అంత గోలా ఒక్కసారిగా ఆగింది. తర్వాత అందరూ కలిసి మొదలుపెట్టారు. ఓం భూర్ భువః స్వః. గాయత్రి! వాళ్ల త్రిసంధ్య ప్రార్థన మొదలయ్యేది దానితోనే. ఒత్తులు పలకరు, బర్గో దేవస్య దీమహి అంటారు, సాగదీసి, మన గుళ్లలో ఎప్పుడూ వినని రాగంలో. మా మామగారు వాడికి నేర్పిన మంత్రమది. బాబు ముందు నా వైపు ఆశ్చర్యంగా చూశాడు, తర్వాత కళ్లు మూసుకుని వాళ్లతో గొంతు కలిపాడు. ధియో యో నః ప్రచోదయాత్. ఆరు రోజులు సెలైన్ సూది గుచ్చి ఉంచిన ఆ చెయ్యి ఇప్పుడు పువ్వు పట్టుకుని నుదుటి మీదికి లేచింది.

నేను తలెత్తి చూశాను. అగరుపొగ, దాని వెనక ఖాళీ పీఠం, ఆకుల్లోంచి దాని మీద పడిన ఎండ. రెండు మూడు క్షణాలు, అంతే. ముందు కూర్చున్నాయన లేచేసరికి కనబడకుండా పోయింది. పీఠం ఖాళీగా ఉందని మాత్రం నాకు ఆ క్షణంలో అనిపించలేదు. కూర్చున్నాడు స్వామి. చూశాను నేను.

తీర్థం మూడుసార్లు తాగించారు, తల మీద చల్లారు, తడి బియ్యం నుదుట అద్దారు. తీర్థం దగ్గర మళ్లీ తోపులాటే, ఒకామె మోచెయ్యి నా పక్కటెముకకి తగిలి ఇంకా నొప్పిగా ఉంది. కొబ్బరికాయ కొడతానని అడిగితే మంకు గారు అక్కడ కొట్టరని సైగ చేశారు. నైవేద్యంలో కాయ నిండుగానే ఉండాలట. నాకు గుండె చివుక్కుమంది, కొడతానని కదా మొక్కింది! మామ్మ నా చేతిలోంచి కాయ తీసుకుని తన బుట్టలో బియ్యం, అరటిపళ్ల మధ్య పెట్టి పద్మాసనం ముందు ఉంచింది. పూజయ్యాక ప్రసాదంగా నాకే తిరిగి ఇచ్చారు.

కాసేపు త్రియంగులాసి ఒడ్డున కూర్చున్నాం. నీళ్లలో దిగనివ్వరు, కెరటాలు అంత పెద్దవి. బాబు ఇసకలో తాబేలు బొమ్మ చేశాడు.

సాయంత్రం కలిపయిత్‌లో మామ్మ బట్టలు మడిచి ఇస్తూ, కింద కొంత డబ్బు పెట్టాను. చూసేసింది. రెండు చేతులతో నా చెయ్యి మూసి వెనక్కి తోసింది. "ఓరా, న్డుక్, ఓరా." వద్దమ్మాయ్, వద్దు. ఎంత బతిమాలినా వినలేదు. ఇంక ఏం చెయ్యాలో తెలియక సంచిలోంచి ఆ కొబ్బరికాయ తీసి ఇచ్చాను. దాన్ని మాత్రం తీసుకుంది. వాకిట్లో ఆ చిన్న రాతి గుడి ముందు చతికిలపడి, కత్తి వెనకవైపుతో ఒక్క దెబ్బ వేసింది. సరిగ్గా మధ్యకి పగిలింది. నీళ్లు బాబు దోసిట్లో పోసి తాగమంది. తర్వాత ఒక చెక్క తను ఉంచుకుని, ఒక చెక్క నా చేతిలో పెట్టింది. మా ఊరి గుళ్లో పూజారి గారు ఇచ్చినట్టే.

కారు కదిలాక చూస్తే ఆవిడ చెక్కని కొంగుతో తుడుచుకుంటూ వాకిట్లోనే నిలబడి ఉంది. తోటల్లో దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి.