కుడి చేతి వైపు కొండ

పెళ్లయిన ఆరేళ్లలో ప్రతి ఆషాఢంలోనూ అత్తయ్య ఫోన్ చేసి “గిరి ప్రదక్షిణకి వస్తావేటమ్మా?” అని అడుగుతూనే ఉన్నారు, నేను ఆఫీసనో పిల్లాడి స్కూలనో ఏదో ఒకటి చెబుతూ వచ్చాను. ఈసారి మాత్రం ఆమె అడగకముందే టికెట్లు తీసి హైదరాబాద్‌లో గోదావరి ఎక్కి అనకాపల్లిలో దిగాను. ఆమెకి అరవై దాటాయి, తోడు లేకుండా ఇంకెన్నేళ్లు నడుస్తారు అన్న ఆలోచన కొంత, సింహాచలంలో సింహాద్రి అప్పన్న కొండ చుట్టూ ఒక్కసారైనా నా కాళ్లతో నేను తిరగాలన్న కోరిక కొంత. మామయ్యకి మోకాళ్లు అరిగిపోయాయి కాబట్టి ఆయన నడవరు. “మీరు కొండ చుట్టూ తిరిగి రండి, నేను పొద్దున్నే బస్సులో పైకెళ్లి గుడి చుట్టూ తిరుగుతాను” అన్నారు. ముప్పై రెండు కిలోమీటర్లు నడవలేని వాళ్లు ఆలయం చుట్టూ ప్రదక్షిణలు చేసి మొక్కు తీర్చుకుంటారని నాకు అప్పుడే తెలిసింది.

ఆషాఢ శుద్ధ చతుర్దశి మధ్యాహ్నం మూడింటికి తొలిపావంచా దగ్గరికి చేరాం. కొండ కింద మొదటి మెట్టు అది. అక్కడ కొబ్బరికాయ కొట్టి నడక మొదలుపెట్టాలి. కొబ్బరినీళ్లతో నేలంతా తడిసి జారుతోంది, చిప్పలు గుట్టలుగా పడి ఉన్నాయి, వాటిని ఎప్పటికప్పుడు ఎత్తి పక్కకి పోస్తున్నారు. అత్తయ్య కాయ కొట్టి, మెట్టుకి నుదురు ఆనించి, లేచి చీర కుచ్చెళ్లు కాస్త పైకి దోపుకుని “పద” అన్నారు, అంతే. చెప్పులు అనకాపల్లిలోనే వదిలేసి వచ్చాం. స్వామివారి పుష్పరథం కదిలేసరికి “సింహాద్రినాథా గోవిందా” అని ఆ జనమంతా ఒక్కసారి అరిచారు, నా చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి.

అడవివరం దాటి ముడసర్లోవ వైపు నడిచేటప్పుడు కొండ పచ్చగా, దగ్గరగా, మేఘం పట్టుకుని కుడి పక్కనే ఉంటుంది. సన్నగా జల్లు పడుతోంది, తారు రోడ్డు వేడి తగ్గి కాళ్లకి హాయిగా ఉంది. నా ముందు నడుస్తున్న ఒకతను మూడేళ్ల పాపని భుజాల మీద ఎక్కించుకున్నాడు, అతని తల్లి పక్కనే పసుపు చీరలో, చేతిలో ఇంకేమీ లేకుండా ఒక్క నీళ్ల సీసాతో నడుస్తోంది. ఎక్కువ మంది ఇలాగే కుటుంబాలతో, ఊళ్లకి ఊళ్లుగా వచ్చినవాళ్లే.

ఇదంతా ఆషాఢ పౌర్ణమికే ఎందుకు అని నేను అడిగితే అత్తయ్య నడుస్తూనే చెప్పారు. సింహాచలంలో స్వామిని మనం ఏడాది పొడవునా చూసేది చందనం కప్పుకున్న రూపాన్నే. వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ నాడు ఆ చందనాన్ని వొలిచి నిజరూపం చూపిస్తారు, వరాహ ముఖం, మనిషి శరీరం, సింహం తోక. ఆ రాత్రే అభిషేకం చేసి మళ్లీ చందనం పూస్తారు. అయితే ఒక్కసారే అంతా పూయరు. అక్షయ తృతీయకి మూడు మణుగులు, వైశాఖ పౌర్ణమికి మూడు, జ్యేష్ఠ పౌర్ణమికి మూడు, ఆషాఢ పౌర్ణమికి చివరి మూడు. ఒక్కో విడతకి దాదాపు 125 కిలోలు, నాలుగూ కలిపి అర టన్ను చందనం. “చెక్క అరగదీసే వాళ్ల చేతులు చూడాలి నువ్వు” అన్నారు. పురూరవ చక్రవర్తికి స్వామి పుట్టలో దొరికాడనీ, తీసేసిన పుట్టమన్ను ఎత్తు చందనం పూస్తానని ఆయన ఒప్పుకున్నాడనీ స్థలపురాణం. రేపటితో ఆ మాట ఈ ఏడాదికి తీరుతుంది, స్వామి ఉగ్రం చల్లారి నిండుగా చందనంలో కూర్చుంటాడు, ఆ ముందు రోజు మనం ఆయన కొండ చుట్టూ తిరిగి వచ్చి ఆయన్ని చూస్తాం. కథ నాకు ముక్కలుగా తెలుసు గానీ, ఈ నడకకీ ఆ నాలుగో విడత చందనానికీ ఉన్న సంబంధం ఎవరూ ఇంత తేలిగ్గా చెప్పలేదు.

హనుమంతవాక దగ్గర చీకటి పడింది. అక్కడి నుంచి విశాలాక్షినగర్, జోడుగుళ్లపాలెం మీదుగా అప్పుఘర్ చేరేసరికి ఎనిమిది. సముద్రంలో మునిగి తడిబట్టలతోనే నడక సాగించేవాళ్లు చాలామంది, ఆ రాత్రి అలలు పెద్దగా ఉండటంతో మేము అంచున నిలబడి నీళ్లు తల మీద జల్లుకున్నాం. అప్పుడు చూశాను, కొండ కనిపించట్లేదు. వెనక అన్నీ ఇళ్లూ లైట్లూ. “అత్తయ్యా, ఇప్పుడు కొండ ఎటుంది?” అంటే ఆమె తిరిగి కూడా చూడకుండా కుడి చెయ్యి ఎత్తి చూపించారు. “నడిచినంతసేపూ అది కుడి చేతికే ఉంటాది. కనపడకపోయినా అటే ఉందని గుర్తుంటే సాలు.”

అక్కడి నుంచి దారంతా విశాఖ నగరం మధ్యలోంచే. ఎంవీపీ డబుల్ రోడ్డు, వెంకోజీపాలెం, ఇసుకతోట, మాధవధార. మామూలు రోజుల్లో ఆటోలూ బైకులూ తిరిగే ఈ రోడ్లలో ఆ రాత్రి మనుషుల కాళ్లు తప్ప ఏమీ కనపడలేదు, లక్షల మంది అంటే ఎంతో కళ్లారా చూశాను. రోడ్డుకి రెండు పక్కలా షామియానాలు, పులిహోర, దద్దోజనం, మజ్జిగ, వేడి పాలు, అరటిపళ్లు. ఎవరూ డబ్బు అడగరు సరే, తీసుకోకుండా ముందుకెళ్తే చిన్నబోతారు కూడా. ఒక అపార్ట్‌మెంట్ గేటు ముందు కాలేజీ పిల్లలు వరసగా కూర్చుని నడిచేవాళ్ల కాళ్లకి నొప్పుల మందు రాస్తున్నారు. ఒక కుర్రాడు అత్తయ్య పాదం ఒళ్లో పెట్టుకుని రాస్తుంటే ఆమె అతని తల మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుని ఏదో అనుకున్నారు. పండగ గురించి నేను చదివినవన్నీ ఒక పక్క పెట్టి చెబుతున్నాను, నాకు దేవుడు అక్కడ కనిపించాడు. నడిచేవాళ్లలోనా, కాళ్లు పట్టేవాళ్లలోనా అంటే విడదీసి చెప్పలేను.

మాధవధార అర్ధరాత్రి దాటాక వచ్చింది. అది ఇదే కొండకి అవతలి వైపు, అక్కడ మాధవస్వామి గుడి, కొండ మీంచి దిగే ధార ఉన్నాయి. అంటే సగం కంటే ఎక్కువే తిరిగేశాం. కానీ అక్కడే నా ఎడమ మడమ కింద బొబ్బ చితికింది. ఎన్‌ఏడీ కూడలి దగ్గర ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాను, నిజంగా ఏడుపొచ్చింది. అత్తయ్య నన్ను లెమ్మనలేదు, కొంగు చించి మడమకి కట్టి పక్కన కూర్చున్నారు. మామయ్య గంటకోసారి ఫోన్ చేస్తూనే ఉన్నారు, అప్పుడూ చేసి “ఎక్కడిదాకా వొచ్చారు?” అన్నారు. అత్తయ్య “అప్పన్న దగ్గరికొచ్చేశాం” అన్నారు. ఇంకా ఏడెనిమిది కిలోమీటర్లు ఉంది.

గోపాలపట్నం, ప్రహ్లాదపురం ఎలా దాటానో సరిగ్గా గుర్తులేదు. ప్రహ్లాదపురం అన్న బోర్డు చదివి, ఆ పిల్లాడిని కొండ మీంచి సముద్రంలోకి తోయిస్తే స్వామి ఆదుకున్నది ఈ కొండ దగ్గరే అంటారు కదా అనుకున్నాను, ఆ తర్వాత గోవింద నామం తప్ప వేరే ధ్యాస లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకి మళ్లీ తొలిపావంచా. నిన్న మధ్యాహ్నం బయల్దేరిన మెట్టు దగ్గరికే వచ్చాం, మెట్టు మీద ఇంకా కొబ్బరి వాసన. అత్తయ్య మళ్లీ నుదురు ఆనించారు. నేనూ ఆనించాను, ఈసారి చాలాసేపు లేవలేదు.

పైకి మెట్లెక్కే ఓపిక నాకు లేక బస్సెక్కాం. క్యూలో మూడు గంటలు, దర్శనం రెండు క్షణాలు. చందనంలో స్వామి గుండ్రంగా, లింగంలా, తెల్లటి పసుపు రంగులో, దీపం వెలుగులో మెత్తగా కనిపించాడు. రాత్రంతా తిరిగింది ఈయన చుట్టూనే అన్న ఆలోచన ఒక్కటే తట్టింది, అడుగుదామనుకున్నవేవీ అడగలేదు.

బయటికొస్తే మామయ్య గుడిలోని కప్పస్తంభం అనే రాతి స్తంభం దగ్గర ఉన్నారు, చొక్కా తడిసి, ఆయన ప్రదక్షిణలు కూడా అయిపోయాయి. అత్తయ్య చేతిలోని చందనం ప్రసాదం తీసి ఆయన నుదుటికి పెట్టారు. మిగిలింది నా మడమ వైపు చూసి, నవ్వి, నా నుదుటికి రాశారు.