బారబూలో బండి చక్రాల దగ్గర

షికాగో నుంచి విస్కాన్సిన్ డెల్స్‌కి వెళ్ళే మనవాళ్ళకి దారి కొత్తగా చెప్పనక్కర్లేదు. 90-94 హైవే మీద మాడిసన్ దాటాక, వాటర్ పార్కుల బోర్డులు చూసి పిల్లలు కేకలు మొదలుపెట్టేలోపే ‘బారబూ’ అని ఒక బోర్డు వస్తుంది. డెల్స్‌కి పట్టుమని పదిహేను మైళ్ళు ఉండదు. అయినా అక్కడ దిగేవాళ్ళు తక్కువ. జులై శనివారం రాత్రి డెల్స్‌లో ఒక మోటెల్ వాళ్ళు మామూలు రోజుల ధరకి రెట్టింపు చెప్పి, దాని మీద ‘రిసార్ట్ ఫీజు’ అని ఇంకో వడ్డింపు వేశారు. బారబూలోని సర్కస్ లైబ్రరీకి సోమవారం వస్తామని ముందే చెప్పి పెట్టుకున్నాం. డెల్స్‌లో ఇంకో డాలరు ఖర్చు పెట్టబుద్ధి కాక, ఆదివారం పొద్దున్నే బయల్దేరి వచ్చేశాం. డెల్స్ గురించి ఇంతకన్నా రాయడానికి నాకేం లేదు.

సర్కస్ వరల్డ్ మ్యూజియం బారబూ నది ఒడ్డున, వాటర్ స్ట్రీట్ మీద ఉంటుంది. సర్కస్ ఊరేగింపు బండ్ల షెడ్డులో అడుగుపెట్టగానే ఎవరి కళ్ళయినా పైకే పోతాయి. అక్కడ బంగారు రేకు అద్దిన సింహాలు, దేవకన్యలు, నిలువుటద్దాలు. ఒక బండికి ఒక పక్క కొలంబస్ నేల మీద అడుగుపెడుతుంటాడు, రెండో పక్క పోకహోంటస్ జాన్ స్మిత్ ప్రాణం కాపాడుతుంటుంది. నా కళ్ళు మాత్రం కిందనే, చక్రాల దగ్గరే ఆగిపోయాయి.

అచ్చం మన ఎడ్లబండి చక్రమే. మధ్యన కుండ, దాని నుంచి కమ్మీల్లా ఆకులు, ఆకుల చివర గుండ్రటి అంచు కట్టే పూటీలు, పూటీల చుట్టూ ఇనప పట్టా. తేడా అంతా ఆకుల సందుల్లో ఉంది. ప్రతి రెండు ఆకుల నడుమా కోసుగా చెక్కిన పలక బిగించి, లోపల పసుపు, బయటికి వచ్చేకొద్దీ నారింజ, ఎరుపు రంగులు వేస్తారు. బండి కదిలితే ఆకులు విడివిడిగా కనపడవు, సూర్యబింబమే దొర్లుకుంటూ పోతున్నట్టు ఉంటుంది. వీటిని సన్‌బర్స్ట్ చక్రాలంటారు. సామాను బండ్ల చక్రాలకి ఈ అలంకారం తక్కువ, పట్టా వెడల్పు ఎక్కువ. డేరా వేసేది ఊరవతల ఖాళీ పొలంలో కదా, వాన పడితే సన్నటి పట్టా బురదని కోసుకుంటూ ఇరుసు దాకా దిగిపోతుంది.

పట్టా వేసే పద్ధతి కూడా మనదే. ఇనుమును ఎర్రగా కాల్చి, అది సాగి ఉండగానే చక్రానికి తొడిగి, నీళ్ళు కొడితే ముడుచుకుని పూటీలనీ ఆకులనీ కుండలోకి బిగించేస్తుంది. వచ్చే జబ్బూ ఒకటే. ఎండాకాలం చెక్క ఆరి కుంచించుకుపోతే పట్టా వదులై, ఆకులు గిలక్కొట్టుకుంటాయి. మన ఊళ్ళలో అయితే చక్రాన్ని ఓ రాత్రి చెరువులో పడేసి నానబెట్టేవాళ్ళు. నూరేళ్ళనాటి రంగూ బంగారు రేకూ ఉన్న చక్రాన్ని అలా నానబెట్టలేం, చెక్క ఉబ్బితే పైపూత పెచ్చులు లేచిపోతుంది. పైగా విస్కాన్సిన్ చలికాలంలో హీటర్ వేస్తే గదిలో గాలి ఎండిపోతుంది, వెయ్యకపోతే చెమ్మ. అందుకే ఇలాంటి బండ్లకి గాలిలో తేమ ఒక్క తీరుగా ఉండేలా చూడటమే అసలు వైద్యం. ఏళ్ళ తరబడి కదలకుండా నిలబెట్టేటప్పుడు ఇరుసు కింద దిమ్మలు పెట్టి, బరువు చక్రం మీద పడకుండా చెయ్యాలి. లేకపోతే నేలకానిన పూటీ ఒక్కటే మొత్తం బరువు మోసి పగులుతుంది.

ఈ బండ్లు ఇక్కడికి ఎలా చేరాయన్నదే నన్ను రెండు రోజులు కట్టిపడేసింది. రింగ్లింగ్ అన్నదమ్ములు తమ సర్కస్ మొదటి ఆట 1884 మే 19న ఈ ఊళ్ళోనే వేశారు. 1918 దాకా ప్రతి చలికాలం వాళ్ళ ఏనుగులూ గుర్రాలూ బండ్లూ ఈ నది ఒడ్డుకే వచ్చేవి. అప్పటి కొట్టాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. వరసకి అన్నదమ్ములైన గోల్మార్లు కూడా ఇదే ఊళ్ళో ఇంకో సర్కస్ నడిపారు. అయితే సర్కస్ వాళ్ళకి దాచిపెట్టే అలవాటు లేదు. పాత బండి అంటే వాళ్ళకి దండగ ఖర్చు. ఇనుము తీసి అమ్ముకోవాలి, చెక్క తగలబెట్టాలి. 1941లో ఇండియానా రాష్ట్రం పెరూ ఊళ్ళో సర్కస్ బండ్లు వరసపెట్టి అలాగే కాలిపోయాయి. సర్కస్ చరిత్ర తెలిసినవాళ్ళు ఇప్పటికీ ఆ మంటల ఫోటోలు చూసి బాధపడతారు.

మిగిలినవి మిగిలింది అభిమానుల వల్లే. సర్కస్ ఫ్యాన్స్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా 1926లో పుట్టింది. ‘ది వైట్ టాప్స్’ వాళ్ళ పత్రిక. ఊరూరా ఉండే శాఖల్ని ‘టెంట్లు’ అంటారు. వాళ్ళ నినాదానికి అర్థం ‘మా టికెట్ మేమే కొనుక్కుంటాం’ అని. సర్కస్ చుట్టూ తిరిగేవాళ్ళంతా ఫ్రీ పాసుల కోసం వచ్చినవాళ్ళేనని కంపెనీలు అనుకునే రోజుల్లో ఆ మాటకి చాలా విలువ ఉంది. టికెట్ కొన్న మనిషినే డేరా వెనక్కి రానిచ్చారు, బండి నంబరు రాసుకోనిచ్చారు, ఫోటో తీసుకోనిచ్చారు. 1936లో సర్కస్ మోడల్ బిల్డర్లు ఒక సంఘం పెట్టుకున్నారు, 1939లో సర్కస్ హిస్టారికల్ సొసైటీ వచ్చింది. దాని పత్రిక పేరు ‘బ్యాండ్‌వాగన్’. ఈ మూడింటికీ తేడా ఉంది. మొదటివాళ్ళకి ఆట బతకాలి, రెండోవాళ్ళకి కొలత కావాలి, మూడోవాళ్ళకి తేదీ కావాలి.

కొలత పిచ్చి ఎంత పనికొస్తుందో బండ్లు బాగుచేసే షెడ్డు దగ్గర అర్థమైంది. మోడల్ చేసేవాళ్ళు ఎక్కువగా అడుగుకి అర అంగుళం లెక్కన చేస్తారు. హోవర్డ్ టిబ్బల్స్ చేసిన పెద్ద సర్కస్ మాత్రం అడుగుకి ముప్పావు అంగుళం, అది ఫ్లోరిడాలోని సారసోటాలో ఉంది. అంత చిన్నదాంట్లో పొరపాటు దొరక్కూడదంటే అసలు బండి కొలతలు తెలియాలి. పొడవు, ఎత్తు, చక్రానికి ఎన్ని ఆకులు, ముందు చక్రం వెనక చక్రం కంటే ఎంత చిన్నది. ఇలా వాళ్ళు ఆటబొమ్మ కోసం రాసుకున్న కొలతలే, అసలు బండి సగం పుచ్చిపోయి దొరికినప్పుడు బాగుచేసేవాళ్ళకి ఆధారమవుతాయి. బండి దొరికేదే అలాగ. పైపెట్టె ఏ రైతు దొడ్లోనో గడ్డి కొట్టంగా ఉంటుంది, చక్రాలు ఎవరో పట్టుకుపోయి ఉంటారు, చెక్కిన సింహం ముక్కు విరిగి ఉంటుంది. పాత ఫోటోతో పోల్చి ఆ ముక్కు మళ్ళీ చెక్కాలి. రంగు విషయంలో ఫోటో పనికిరాదు, అది నలుపూ తెలుపే కదా. ఒక మూల గోరంత మేర పొర తర్వాత పొర గీకుతూ పోతే అడుగున మొదటి రంగు బయటపడుతుంది. ఒక్కో సీజన్‌కి ఒక్కో రంగు కొట్టి ఉంటారు కాబట్టి ఆ పొరలే బండి జాతకం. ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు, బంగారు రేకు ఉన్నచోట ఇత్తడి పొడి కలిపిన పెయింటు వెయ్యడం. మొదట మెరుస్తుంది, కొన్నేళ్ళకి నల్లబడుతుంది. అసలు రేకు అలా నల్లబడదు.

రింగ్లింగ్ల దగ్గర లాయరుగా పనిచేసిన జాన్ కెల్లీ 1954లో ఈ మ్యూజియం కోసం సంస్థ పెట్టాడు. 1956 జులై 16న పిట్స్‌బర్గ్‌లో రింగ్లింగ్ సర్కస్ డేరా కింద చివరి ఆట ఆడేసింది. 1959 జులై 1న మ్యూజియం తలుపులు తెరిచారు. మరుసటి ఏడు డైరెక్టర్‌గా వచ్చిన చాపీ ఫాక్స్ బండ్లు వెతికి తేవడమే పనిగా పెట్టుకున్నాడు. ఇప్పుడు రెండొందలకి పైగా ఉన్నాయి. 1963 జులై 4న వాటిని మిల్వాకీ వీధుల్లో ఊరేగించాడు కూడా. తర్వాత 1972 ఊరేగింపులో డిక్ స్పారో అనే రైతు, నాలుగేసి గుర్రాలు పది వరసలుగా మొత్తం 40 గుర్రాల్ని ఒక్కడే పగ్గాలు పట్టి తోలాడు. ఆ బండి పొడవే 28 అడుగులు.

బారబూ నుంచి మిల్వాకీకి బండ్లు రైల్లోనే వెళ్ళేవి. వాటిని రైలెక్కించే పద్ధతి తెలిస్తేనే సర్కస్ అంటే ఏమిటో తెలుస్తుంది. చుట్టూ గోడల్లేని పెట్టెలు వరసగా తగిలించి, ఒక చివర మాత్రమే ఏటవాలు పట్టాలు రెండు వేస్తారు. పెట్టెకీ పెట్టెకీ మధ్య సందులో ఇనప పలకలు. బండిని ఆ చివరి నుంచి ఎక్కించి, రైలు పొడవునా లాక్కుంటూ అవతలి చివరికి తీసుకుపోతారు. లాగే గుర్రం పైన ఉండదు, కింద నేల మీద రైలు పక్కన నడుస్తుంది, తాడు బండికి ఉంటుంది. పైన ఒక మనిషి బండి నొగ పట్టుకుని దారి చూపిస్తాడు. అన్నిట్లోకీ ప్రాణాంతకమైన పని అదే. ముందు చక్రం పలక అంచుకి తగిలి ఏ మాత్రం మెలిపడినా నొగ కొరడాలా తిరిగి మనిషిని కొట్టేస్తుంది. దించేటప్పుడు ఇంకో చిక్కు. టన్నుల బరువు ఏటవాలులో పరుగెత్తకుండా బండి వెనక తాడు కట్టి, దాన్ని గుంజకి నాలుగు చుట్లు చుట్టి కొద్దికొద్దిగా వదులుతారు. తడి తాడు జారిందంటే ఇక ఎవరూ ఆపలేరు. మర్నాడు ఏది ముందు కావాలో దాన్నిబట్టి ఎక్కించే వరస. వంట డేరా బండ్లు ముందు దిగాలి, జనం కూర్చునే బల్లలు తర్వాత. బండి మీద ఉన్న ప్రతి నంబరుకీ అర్థం ఇదే, అభిమానులు ఆ నంబర్లు రాసుకున్నది ఊరికే కాదు.

మధ్యాహ్నం తిన్నది చప్పటి హాట్‌డాగ్, ధర మాత్రం పూర్తి భోజనానిది. వెళ్ళేవాళ్ళు పులిహోర కట్టుకెళ్ళండి, నది ఒడ్డున చెట్ల కింద బల్లలు ఉన్నాయి. ఆటలు వేసవిలోనే ఉంటాయి కాబట్టి తేదీలు చూసుకుని బయల్దేరండి.

సోమవారమంతా లైబ్రరీలో కాగితాల మధ్యే గడిచింది. సర్కస్ పోస్టర్‌లో ‘వన్ షీట్’ అంటే 28 అంగుళాలకి 42. రాతి మీద బొమ్మ గీసి అచ్చు తీసేవాళ్ళు. రంగుకో రాయి, రాయి మీద బొమ్మ అద్దంలోలా తిరగబడి ఉంటుంది. సిన్సినాటిలోని స్ట్రోబ్రిడ్జ్ అచ్చు అంటే అందులో మేటి. ఆ పోస్టర్ మీద ఊరి పేరు ఉండదు, తేదీ ఉండదు. అవి విడిగా ఒక పట్టీ మీద అచ్చువేసి కింద అతికించేవాళ్ళు, దాన్ని ‘డేట్ టెయిల్’ అంటారు. ఆ పట్టీ మీద కూడా ‘సోమవారం, జులై 6’ అని ఉంటుందే తప్ప సంవత్సరం ఉండదు. వచ్చే వారం ఆట చూసేవాడికి సంవత్సరంతో పనేముంది!

మరి సంవత్సరం పట్టుకోవడం ఎలా? 1900 తర్వాత జులై 6 సోమవారం వచ్చింది 1903లో, 1908లో, 1914లో, ఆ తర్వాత మళ్ళీ 1925లో. పోస్టర్ మీద ఒక్క రింగ్లింగ్ పేరే ఉంటే అది 1918కి ఇవతలిది కాదు, ఎందుకంటే 1919 నుంచి బార్నమ్ అండ్ బెయిలీ అనే ఇంకో సర్కస్ పేరు కూడా కలిసింది. తర్వాత రూట్ బుక్ తియ్యాలి. సీజన్ చివర కంపెనీలు వేసే పుస్తకం అది. ఏ రోజు ఏ ఊరు, ఎన్ని మైళ్ళు వచ్చారు, వానా ఎండా, ఎవరు జబ్బుపడ్డారు, ఏ గుర్రం చచ్చిపోయింది, అన్నీ ఉంటాయి. ఆ మూడేళ్ళ పుస్తకాల్లో జులై 6న ఆ ఊరు ఎందులో ఉందో చూస్తే సంవత్సరం తేలిపోతుంది. పట్టీ చింపేసిన పోస్టర్‌కి ఈ దారి మూసుకుపోయినట్టే. బొమ్మ అందంగా ఉందని పట్టీ కత్తిరించి ఫ్రేము కట్టించినవాళ్ళు ఎంతమందో!

అది చవక కాగితం, చెక్కగుజ్జుది. అందులోని ఆమ్లమే దాన్ని గోధుమరంగుకి తిప్పి అప్పడంలా చేస్తుంది. మొదట విరిగేది మడత దగ్గర. మడత విరిగిందని సెల్లోటేపు వేస్తే ఇంకా పాడు, జిగురు కాగితంలోకి ఇంకి మరక పడుతుంది, ఆ మరక పోదు. లామినేషన్ చేయిస్తే ఇక వెనక్కి తిరిగే దారే లేదు. వెలుగు పడనిచోట, ఆమ్లం లేని కవరులో, మడవకుండా పరిచి పెట్టాలి. ఎవరూ ముట్టుకోకపోవడమే ఒక్కోసారి కాగితాన్ని కాపాడుతుంది. ఇదే రాష్ట్రంలో డ్యూరాండ్ అనే ఊళ్ళో 2015లో ఒక బార్ గోడ విప్పితే, 1885 నాటి సర్కస్ పోస్టర్ 50 అడుగులకి పైగా పొడవున బయటపడింది. పక్కన ఇంకో గోడ కట్టేయడంతో నూటముప్పై ఏళ్ళు చీకట్లో నిద్రపోయింది.

అభిమాని ఇంట్లో పోగుపడినదానికి గండం అభిమాని పోయాకే. శాన్ ఆంటోనియోలో హ్యారీ హెర్ట్జ్‌బర్గ్ అనే లాయరు తన సేకరణ మొత్తం ఊరి లైబ్రరీకి రాసిచ్చి 1940లో చనిపోయాడు. దాంతో నడిచిన మ్యూజియం 2001లో మూతపడింది. వస్తువులు చెల్లాచెదురు కాకుండా విట్టె మ్యూజియానికి చేరాయి. రాతకోతలు సరిగ్గా లేని ఇళ్ళలో అవి వేలానికి పోతాయి, పోస్టర్ ఒకరికి, రూట్ బుక్ ఇంకొకరికి. రెండూ విడిపోతే రెండూ మూగబోతాయి.

అక్కడ కూర్చున్నంతసేపూ నా మనసు విజయనగరంలో తిరిగింది. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో సర్కస్ పెట్టి, ఏనుగుని రొమ్ము మీద నిలబెట్టుకున్న కోడి రామమూర్తి నాయుడు గారి ఆటకి కూడా కరపత్రాలు పంచే ఉంటారు, టికెట్లు చించే ఉంటారు, ఎవరో ఒకరు ఫోటోలు తీసే ఉంటారు. ఉత్తరాంధ్రలో ఏ పాత ఇంటి అటక మీదైనా ట్రంకుపెట్టెలో అలాంటి కాగితం ఉంటే దయచేసి చించకండి, అతికించకండి. అది ఎవరి ఇంట్లో, ఏ ఊళ్ళో, ఏ కాగితాలతో కలిసి దొరికిందో వెనకవైపు ఒక మూల పెన్సిల్‌తో చిన్నగా రాయండి. పెన్ను వద్దు, సిరా ఇంకుతుంది. కాగితం మరీ పెళుసుగా ఉంటే దాని మీద అసలు రాయకుండా కవరు మీద రాసి, ఆ తర్వాతే లోపల పెట్టండి. ముందు పెట్టి తర్వాత రాస్తే ఆ ఒత్తుడుకే కాగితం విరుగుతుంది.