శాలిహుండం దారిలో వాక్కాయ కంచె

శ్రావణమాసంలో శాలిహుండం చూద్దామని శ్రీకాకుళం నుంచి బయలుదేరాను. కొండ మీద ఇటుకలతో కట్టిన బౌద్ధ చైత్యాలు, పక్కనే వంశధార. ఎంతసేపు నిలబడినా తనివి తీరలేదు. అయితే ఆ రోజు నన్ను కట్టిపడేసింది మాత్రం కొండ దిగాక కనిపించిన ఒక జీడితోట కంచె.

ముళ్లతీగ కాదు, మనిషెత్తు వాక్కాయ పొదలు. గుత్తులు గుత్తులుగా కాయలు. నీడవైపు తెలుపు, ఎండ తగిలిన వైపు గులాబీ. ఒకటి కోయగానే తొడిమ దగ్గర పాలు ఊరి వేళ్లకు బంకలా అంటుకున్నాయి. గన్నేరు కుటుంబపు మొక్క కదా!

"జాగ్రత్త నాయనా, ముళ్లు జంటగా ఉంటాయి" అంటూ తోటలోంచి ఒక పెద్దమ్మ వచ్చారు. ఆ కంచె వాళ్ల మామగారు వేసినదట. పశువు దూరదు, వాన నీరు తప్ప వేరే తడి అక్కర్లేదు.

నిరుడు నేను గింజలు ఎండబెట్టి దాచి, వేసవిలో నాటితే ఒక్కటీ మొలవలేదని చెప్పాను. "ఎండితే గింజలో ప్రాణం ఎక్కడుంటుంది?" అంటూ నల్లగా పండిన కాయ ఒకటి నా అరచేతిలో చిదిమారు. ముదురెరుపు రసంలో నాలుగు చదునైన గింజలు. కడిగి, ఆ వారంలోనే మట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపిన సంచుల్లో వేయాలట. మరుసటి ఏడు తొలకరికి నేలలోకి మార్చుకోవాలి. కాపుకు రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి.

మధ్యాహ్నం వాళ్లింట్లోనే భోజనం. పచ్చి కాయలు రెండుగా కోసి, గింజ తీసేసి, కందిపప్పులో పచ్చిమిర్చితో ఉడికించారు. చింతపండు ఊసే లేదు. ఆ పులుపులో సన్నని వగరు, ముద్ద ముద్దకూ నోరూరించేది. పులిహోరకైతే కాయలు దంచి వేస్తారట.

ఇదే కాయ పాకంలో నాని, ఎర్ర రంగు పూసుకుని, చెర్రీ అన్న పేరుతో పట్నం కేకుల మీదికి చేరుతుంది. దాని సొంత పేరు అలా పోవడం నాకు బాధగానే ఉంది.

పెద్దమ్మ పండిన కాయలు దోసెడు కాగితంలో కట్టి ఇచ్చారు. ఇంటికి వచ్చిన రాత్రే నాటాను. మూడో వారానికి, ఇరవై గింజల్లో పదమూడు తలెత్తాయి.