పేడతో వెచ్చబడే ఊరు

గోటింగెన్‌లో నా కళ్లముందే యూండె బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సు కోసం చలిలో వణుకుతూ, పేడ గ్యాస్ చూడ్డానికి ఇంత అవస్థ పడాలా అనుకున్నాను. జర్మనీలో వెయ్యి మంది కూడా లేని పల్లె యూండె. తనకు కావలసిన కరెంటును, ఇళ్లలో చాలావాటికి వేడిని బయోమాస్ (పేడ, గడ్డి, చెక్క లాంటివి) నుంచే తీస్తూ 2005లో ఆ దేశపు మొదటి బయో ఎనర్జీ గ్రామం అనిపించుకుంది.

ముక్కు మూసుకోవడానికి సిద్ధపడే వెళ్లాను. పేడ దించే తొట్టి దాటాక పాతర గడ్డి పులిసిన వాసనే మిగిలింది. చూపించడానికి వచ్చిన రైతు పెద్దాయన పేడ పులిసే ట్యాంకుకున్న చిన్న గాజు కిటికీ దగ్గరికి పిలిచారు. లోపల చిక్కటి గోధుమరంగు జావ మెల్లగా తిరుగుతోంది. బుడగ ఉబ్బుతుంది, చిట్లుతుంది, ఇంకోటి లేస్తుంది. మనకు తెలిసిన గోబర్ గ్యాసే, కాకపోతే భారీగా. గాలి తగలని ఆ వెచ్చదనంలో సూక్ష్మజీవులు పేడనీ గడ్డినీ తిని మీథేన్ వదులుతాయి. పేడను గుంటలో వదిలేసినా మీథేన్ వస్తుంది, కానీ అది గాల్లో కలుస్తుంది. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 25 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. కాల్చేస్తే ఆ బెడద తగ్గుతుంది, పనీ జరుగుతుంది.

ఆ గ్యాస్‌ను కాల్చి కరెంటు తీసే ఇంజన్ గదిలో చెవులు చిల్లులు పడే మోత. గ్యాస్‌లోని శక్తిలో సగం కూడా కరెంటు కాదు, మిగతాదంతా దాదాపు వేడే. చాలా పవర్ ప్లాంట్లు ఆ వేడిని కూలింగ్ టవర్ల నుంచి ఆకాశానికి వదిలేస్తాయి. ఇక్కడ దాంతో నీళ్లు కాచి, భూమిలోని పైపుల్లో ఇళ్లకు పంపుతారు. నన్నడిగితే ఈ ఊరి అసలు తెలివి ఇదే. పెద్దాయన ఇంటి నేలమాళిగలో ఒకప్పుడు ఇల్లు వెచ్చచేసే ఆయిల్ ట్యాంకు ఉన్నచోట ఇప్పుడు సైకిళ్లున్నాయి.

చలి ముదిరినప్పుడు చెక్కపేళ్ల బాయిలర్ తోడవుతుంది. పేళ్ల కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. సంబరపడ్డాను. "అది నష్టం. తడి పేళ్లను సూక్ష్మజీవులు తినేస్తున్నాయి, ఆరబెట్టాలి" అన్నారాయన. ఆ రోజు ఎండ లేదు, గాలి లేదు. కుప్ప మాత్రం వెలిగించేదాకా ఆగుతుంది. సోలార్ ప్యానెల్‌కి లేని సుగుణం అది.

అలాగని దేన్నిబడితే దాన్ని కాల్చమని కాదు. ఎదిగిన అడవిని నరికి కాలిస్తే, ఆ కార్బన్‌ని కొత్త చెట్లు తిరిగి పీల్చుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. ట్యాంకుల కోసమే మొక్కజొన్న వేస్తే తిండి పండే నేల తగ్గుతుంది. పేడ, కొమ్మలు, మిగులు గడ్డి అయితే ఈ పేచీ చాలావరకు ఉండదు. గ్యాస్ తీశాక మిగిలిన జావలో నత్రజని, భాస్వరం దాదాపు అలాగే ఉంటాయి. అది ఎరువుగా మళ్లీ పొలాలకే పోతుంది.

తిరుగు బస్సు కోసం పరుగెత్తాను. పేడ తొట్టి దగ్గర ఏం తొక్కానో, పక్క సీటావిడ నా బూట్ల వైపు ఓసారి చూసి, లేచి ముందుకెళ్లి కూర్చుంది.