ఆ ఉట్నూరు కాదు సార్, మా ఉట్నూరు

ఉట్నూరు అనగానే ఎవరికైనా ఆదిలాబాదే గుర్తొస్తుంది. పాలమూరులో కూడా ఒక ఉట్నూరు ఉందని నమ్మించడానికి నాకు మూడు వారాలు పట్టింది.

ఎమ్మేలో నా ప్రాజెక్టు బూడిద దిబ్బల మీద, అంటే వేల ఏళ్ళ కిందట పసుల పెండ కాల్చగా పేరుకున్న గుట్టల మీద. మా జిల్లాలో వాటి వెంట తిరిగిన ఒక ఆర్కియాలజీ సారు పోయాక, ఆయన కాగితాలన్నీ ఓ యూనివర్సిటీ కాలేజీ రికార్డు గదికి చేరాయి. హెచ్‌వోడీ లెటర్, ఐడీ జిరాక్సు, ఫారం, అన్నీ ఇచ్చాను. జాబితా చూసి, "మహబూబ్‌నగర్‌వి ఏమీ లేవమ్మా" అన్నారు. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ అదే మాట.

మూడోసారి జాబితా నేనే అడిగి తీసుకుని వరుసగా చదివాను. "ఉట్నూరు, ఆదిలాబాద్ జిల్లా: పసుల దొడ్డి నోట్సు" అని ఒక చోట ఉంది. ఊరి పేరు సారు రాసుకున్నది, జిల్లా పేరు జాబితా కట్టినవారు తగిలించింది! ఉట్నూరు, పసుల దొడ్డి పక్కపక్కన కనబడితే అది మాదే. 1957లో రేమండ్ ఆల్చిన్ అనే బ్రిటిష్ ఆర్కియాలజిస్టు అక్కడి దిబ్బను తవ్వితే తేలింది అదే కదా: కొయ్య గుంజల కంచె, లోపల పసులు, పేరుకున్న పెండ, దాన్ని పదే పదే కాల్చిన బూడిద. నేల మీద గిట్టల ముద్రలు కూడా దొరికాయి. నాలుగు వేల ఏళ్ళకు పైబడిన ఆవులు నడిచిన జాడ! ఆ రిపోర్టు 1961లోనే అచ్చయింది.

పెట్టె తెచ్చారు. పెన్ను, ఫోను బయటే. పైన పురుగు తిన్న నోటుబుక్కు, అడుగున ట్రేసింగ్ పేపరు మీద గిట్టల బొమ్మలు, మూలకు ఒక అగ్గిపెట్టె. తెరిస్తే చిటికెడు బూడిద గడ్డ. ఇటుక బట్టీ చిట్టెంలా బుడగలు బుడగలుగా ఉంది. పెండ అంత గట్టిగా కాలుతుందా అనుకునేదాన్ని. ముట్టుకోవద్దన్నారు, కానీ అప్పటికే ముట్టుకున్నాను.

జిరాక్సుకు మళ్ళీ వేరే దరఖాస్తట. అందుకని పదకొండు పేజీలు పెన్సిల్‌తో ఎత్తి రాసుకున్నాను.

లేచే ముందు జాబితాలో జిల్లా పేరు మార్చమని అడిగాను. ప్రిన్సిపాల్‌కు ఉత్తరం పెట్టుకోవాలన్నారు అక్కడి అన్న. తర్వాత ఏమనుకున్నారో, నా చేతిలోని పెన్సిల్ తీసుకుని ఆదిలాబాద్ కొట్టేసి, పైన చిన్నగా "పాలమూరు" అని రాశారు.