చక్రవర్తి ఇంట్లో కాపురాలు

ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పాను. రోమన్ సామ్రాజ్యం పాఠం వచ్చినప్పుడు డయోక్లీషియన్ గురించి పిల్లలకి ఒకే ఒక్క ముక్క చెప్పేదాన్ని. పాలన సులువుగా సాగాలని సామ్రాజ్యాన్ని భాగాలు చేసి నలుగురి చేతిలో పెట్టాడు, అని. అంతకుమించి ఆయన గురించి నేనూ ఎప్పుడూ ఆలోచించలేదు. ఆయన కట్టుకున్న ఇల్లు ఇప్పటికీ నిలిచే ఉందని, అందులో జనం వండుకుంటూ, బట్టలు ఆరేసుకుంటూ కాపురాలు చేస్తున్నారని ఈ ఏప్రిల్ చివర్లో కళ్ళారా చూశాను. ఊరి పేరు స్ప్లిట్. క్రొయేషియాలో, ఆడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఉంది.

అబ్బాయి, కోడలు నన్ను తీసుకెళ్ళారు. పాతబస్తీ అంతా నడిచి చూపించే గైడ్‌ని కోడలు ముందే మాట్లాడి పెట్టింది. "అత్తయ్యా, నేలంతా రాయే. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి" అని పొద్దున్నే చెప్పింది. ఆ మాట ఎంత మంచిదో తర్వాత తెలిసింది. అక్కడి వీధుల్లో పరిచిన తెల్లరాయి వందల ఏళ్ళ అడుగులకి అరిగి అరిగి అద్దంలా అయిపోయింది. ముందు రోజు రాత్రి వాన పడింది. రెండుచోట్ల నా కాలు జారింది, రెండుసార్లూ కోడలు చెయ్యి పట్టుకుంది.

మేం పదకొండు మందిమి. గైడ్ ఒక స్త్రీ, యాభై దాటి ఉంటాయి. చక్రవర్తి ఇంటికి ఉత్తరం వైపు గోడ బయట, ఒక పెద్ద కంచు విగ్రహం దగ్గర కలుసుకున్నాం. అది 10వ శతాబ్దంలో బతికిన గ్రగూర్ నిన్‌స్కీ అనే బిషప్‌ది. శిల్పి ఇవాన్ మెష్ట్రోవిచ్ 1929లో చేశాడు. మొదట కోట నడిబొడ్డున నిలబెడితే, రెండో ప్రపంచ యుద్ధంలో ఊరిని ఆక్రమించిన ఇటలీ వాళ్ళు అక్కణ్ణించి తీయించేశారట. ఇక్కడికి 1954లో వచ్చింది. ప్రార్థనలు లాటిన్‌లో కాదు, జనం మాట్లాడుకునే స్లావిక్ భాషలో జరగాలని ఆ బిషప్ గట్టిగా నిలబడ్డాడు. వచ్చినవాళ్ళంతా ఏదో ఒకటి కోరుకుని ఆయన కాలి బొటనవేలు రుద్దుతారు. అందుకని ఒళ్ళంతా నల్లబడ్డా ఆ వేలొక్కటీ బంగారంలా మెరుస్తోంది. నేనూ తాకాను. కోరిక ఏమీ కోరలేదు. దేవుణ్ణి సొంత భాషలో పిలుచుకోనివ్వండి అని అడిగిన మనిషి కదా అని తాకి దణ్ణం పెట్టుకున్నాను.

అక్కడే గైడ్ ముందుగా ఒక మాట చెప్పింది. "మీరు ఇప్పుడు ప్యాలెస్‌లోకి వెళ్తున్నారు. నేను మా ఇంటికి వెళ్తున్నాను. నేను పుట్టింది ఈ గోడల లోపలే."

ప్యాలెస్ అని పేరే కానీ సగం కోట, సగం ఇల్లు. సుమారు 215 మీటర్ల పొడవు, 180 మీటర్ల వెడల్పు. మన లెక్కలో తొమ్మిదిన్నర ఎకరాలు. డయోక్లీషియన్ ఈ చుట్టుపక్కలే, సలోనా దగ్గర, మామూలు ఇంట్లో పుట్టాడు. సైన్యంలో చేరి పైకొచ్చి 284లో చక్రవర్తి అయ్యాడు. 305లో తనంతట తనే గద్దె దిగి, పుట్టినచోటికి దగ్గర్లో కట్టించుకున్న ఈ ఇంటికి వచ్చేశాడు. మళ్ళీ వచ్చి రాజ్యం చెయ్యమని అడిగితే, "నా చేత్తో నాటిన కూరగాయలు చూస్తే మీరు ఆ మాట అడగరు" అన్నాడని చెబుతారు. క్యాబేజీలని ఆ ఊళ్ళో అందరూ అంటారు. రిటైరయ్యాక పెరట్లో మొక్కలు పెట్టుకున్నదాన్ని కాబట్టి ఆ మాట నాకు బాగా తగిలింది.

లోపలికి వెళ్ళే దారి పేరు బంగారు ద్వారం. ఇలాంటివి నాలుగు వైపులా నాలుగు: బంగారు, వెండి, ఇనుప, ఇత్తడి. గైడ్ మమ్మల్ని సన్నటి మెట్లెక్కించి ఆ ద్వారం పైకి తీసుకెళ్ళింది. ఒకప్పుడు కాపలా సైనికులు అటూ ఇటూ తిరగడానికి గోడలో వదిలిన సందు అది. 6వ శతాబ్దంలో దాన్నే సెయింట్ మార్టిన్ పేరు మీద చిన్న చర్చిగా మార్చుకున్నారు. చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు. కాపలావాడు నిలబడ్డ చోట దేవుణ్ణి పెట్టుకోవడం చూసి మనసు నిండింది. చోటు ఎంతుందని చూడలేదు, దేవుడికి చోటు ఇచ్చారు.

ఆ ఊరి కథంతా అలాంటిదే. సలోనా అప్పట్లో ఈ తీరప్రాంతానికి, అంటే రోమన్ డల్మేషియాకి, రాజధాని, ఇక్కడికి ఐదారు కిలోమీటర్లు. 7వ శతాబ్దంలో అవార్లు, స్లావులు అనే జాతుల వాళ్ళు దాని మీద పడ్డారు. జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దగ్గరి దీవులకి పారిపోయారు. తర్వాత కొందరు తిరిగొచ్చి చూస్తే ఖాళీగా ఉన్న చక్రవర్తి ఇల్లు కనబడింది. ఎత్తైన గోడలు, నాలుగు తలుపులు, తాగడానికి నీళ్ళు. వచ్చి చేరారు. హాళ్ళని గదులుగా చేసుకున్నారు, స్తంభాల మధ్య ఖాళీల్లో గోడలు లేపారు. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఆ గోడల మధ్య పొయ్యి ఆరలేదు. సలోనాకి మాత్రం ఎవరూ తిరిగి వెళ్ళలేదు. మర్నాడు అబ్బాయి అక్కడికీ తీసుకెళ్ళాడు. ఎండిన గడ్డి, కూలిన గోడలు, మోకాలెత్తు రాళ్ళు. రాజధాని అలా పోయింది, ఒక్క ఇల్లు మాత్రం నిలిచింది. ఇల్లు నిలవాలంటే అందులో మనుషులుండాలని మన పెద్దవాళ్ళు అంటారు. నేను దాన్ని దీపం పెట్టడం గురించిన మాట అనుకునేదాన్ని. కట్టడాల గురించి కూడా అని స్ప్లిట్‌లో అర్థమైంది.

నడిమధ్యలో పెరిస్టైల్ అనే చావడి ఉంది. మూడు వైపులా మెట్లు, ఎర్ర గ్రానైట్ స్తంభాలు, వాటి మీద కమానులు. ఒక పక్కన ఈజిప్టు నుంచి తెచ్చిన నల్లరాతి స్ఫింక్స్, అంటే సింహం ఒంటికి మనిషి తల ఉన్న బొమ్మ, కూర్చుని ఉంది. చక్రవర్తి కంటే అది పదిహేడు వందల ఏళ్ళు పెద్దది. మెట్ల మీద జనం కాఫీలు తాగుతున్నారు. పక్కనే ఎనిమిది పలకల కట్టడం, దాని చుట్టూ స్తంభాల వరుస. డయోక్లీషియన్ తన సమాధి కోసం కట్టించుకున్నది. ఇప్పుడు అది ఆ ఊరి పెద్ద చర్చి.

ఇక్కడ గైడ్ చెప్పింది నాకు రెండు రోజులు బుర్రలో తిరుగుతూనే ఉంది. 303లో డయోక్లీషియన్ క్రైస్తవుల మీద హింస మొదలుపెట్టాడు. 304లో సలోనా బిషప్ డోమ్నియుస్ తల నరికించారు. సలోనా వాళ్ళు వచ్చి ఈ ఇంట్లో చేరాక, చక్రవర్తి సమాధినే చర్చిగా చేసుకుని, డోమ్నియుస్ అవశేషాలు అందులో పెట్టుకున్నారు. చంపించినవాడి శవపేటిక ఎటు పోయిందో ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు. చనిపోయినవాడు మాత్రం ఆ ఊరికి రక్షకుడై కూర్చున్నాడు. ఏటా మే 7న ఊరంతా ఆయన పండుగ చేస్తారు. మేమున్నప్పుడే ఆ ఏర్పాట్లు మొదలయ్యాయి. చర్చి లోపల పైన ఒక రాతి పట్టీలో రెండు ముఖాలున్నాయి, డయోక్లీషియన్, ఆయన భార్య ప్రిస్కా అంటారు. వాళ్ళని చెరిపెయ్యలేదు, అక్కడే ఉంచారు. పగబట్టి కూలగొట్టి ఉంటే చర్చీ ఉండేది కాదు, సమాధీ ఉండేది కాదు. తలుపుల్ని ఆండ్రియా బువినా అనే ఆయన 1214లో వాల్‌నట్ చెక్క మీద చెక్కాడు. క్రీస్తు జీవితంలోని 28 ఘట్టాలు. వాటి ముందే పావుగంట నిలబడిపోయాను, కోడలు వచ్చి పిలిస్తే కదిలాను.

ఎదురు సందులో రోమన్ల దేవుడు జూపిటర్ గుడి. అది కూడా తర్వాత బాప్తిస్మం ఇచ్చే చోటుగా మారింది. పైకప్పు అంతా రాతితో చేసిన కమాను, చదరాలు చదరాలుగా పువ్వులు, ముఖాలు. పదిహేడు వందల ఏళ్ళయినా ఊడి పడలేదు. వాకిట్లో తల పోయిన ఇంకో స్ఫింక్స్. గుడి పక్క సందుని జనం "నన్ను పోనివ్వు" వీధి అని పిలుస్తారు. ఎదురుగా ఎవరైనా వస్తే ఒకరు వెనక్కి జరగాల్సిందే.

ఆ తర్వాత ఇంకో సందులో గైడ్ ఆగి ఒక కిటికీ చూపించింది. మూడో అంతస్తు, ఆకుపచ్చ చెక్క తలుపులు. "అది మా అమ్మమ్మ వంటిల్లు. వెనక గోడ రోమన్ గోడ. క్యాలెండర్ తగిలించుకుందామంటే మేకు దిగేది కాదు" అంది. ఆ ఇల్లు ఇప్పుడు వాళ్ళది కాదు, అమ్మేశారు. ఇంటి తలుపు పక్కన నంబర్లు నొక్కి తాళంచెవి తీసుకునే చిన్న నల్ల పెట్టెలు నాలుగు వరుసగా ఉన్నాయి. ఆ సందు పొడవునా చాలా తలుపులకి అవే. టూరిస్టులకి రోజు లెక్కన అద్దెకిచ్చే ఇళ్ళు. తన చిన్నప్పుడు ఆ సందంతా పిల్లలేనట, ఇప్పుడు శీతాకాలం వస్తే ఒక్క దీపం కూడా వెలగని రాత్రులున్నాయట. మేం కూడా అలాంటి గదిలోనే దిగాం. ఆ సంగతి ఆవిడకి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పైన రెండు కిటికీల మధ్య కప్పీ మీద తిరిగే తాడుకి దుప్పట్లు ఆరుతున్నాయి. ఆ తాడుని తీరమోలా అంటారు. "దుప్పట్లు మాత్రమే ఉంటే అది అద్దెగది. లోదుస్తులు, వంటింటి గుడ్డలు కూడా ఉంటే అక్కడ మనిషి ఉన్నట్టు" అని గైడ్ చెప్పింది. అక్కణ్ణించి నేను తలెత్తి నడిచాను, ప్రతి తాడూ చూసుకుంటూ.

పెరిస్టైల్ పక్క మెట్లెక్కితే వెస్టిబ్యూల్ అనే గుండ్రటి గది. పైన గుమ్మటం కూలిపోయి ఆకాశం కనిపిస్తుంది. అక్కడ ఐదుగురు మగవాళ్ళు వాయిద్యం ఏదీ లేకుండా క్లాపా పాడుతున్నారు. డల్మేషియా వాళ్ళ పాట అది, 2012లో యునెస్కో జాబితాలో చేరింది. భాష తెలియకపోయినా కళ్ళు చెమర్చాయి. ఆ గోడలు గొంతుని పట్టుకుని కాసేపు ఉంచుకుని వదులుతున్నట్టు అనిపించింది.

ఆఖరున నేలమాళిగలు. నన్నడిగితే స్ప్లిట్‌లో ఇంకేం చూడకపోయినా ఇవి చూడాలి. నేల సముద్రం వైపు వాలుగా ఉండటంతో, పైన చక్రవర్తి గదులు సమానంగా రావడానికి కింద ఈ కమానుల హాళ్ళు కట్టారు. పైన గది ఏ ఆకారంలో ఉంటే కింద గది కూడా అదే ఆకారం. పైన గదులు మనుషుల కాపురాలకి మారిపోయి చాలావరకు గుర్తుపట్టలేకుండా పోయాయి. కింద మాత్రం చెక్కు చెదరలేదు. ఎందుకంటే వందల ఏళ్ళ పాటు పై ఇళ్ళ వాళ్ళు నేలకి కన్నాలు పెట్టి చెత్త, మురుగు అంతా కిందికి పోశారు. హాళ్ళు పైదాకా నిండిపోయాయి, ఎవరూ లోపలికి రాలేకపోయారు, ఏమీ మార్చలేకపోయారు. 1950ల నుంచి తవ్వి శుభ్రం చేస్తూ వస్తే లోపల రోమన్ల నాటి హాళ్ళు అలాగే బయటపడ్డాయి. ఆ కింది గదుల కొలతలతోనే పైన ఇల్లు ఎలా ఉండేదో తెలుసుకున్నారు. ఒకచోట చెత్త ఇంకా తియ్యకుండా వదిలేసిన గది ఉంది, గట్టిపడి రాయిలా అయిపోయింది. గైడ్ దాని మీద చెయ్యి పెట్టి, "ఇందులో మా వాళ్ళు పారబోసింది కూడా ఉంటుంది" అంది. ఆ మాట ఎంతో గౌరవంగా చెప్పింది.

ఇత్తడి ద్వారం గుండా బయటికి వస్తే సముద్రం. ఒకప్పుడు నీళ్ళు గోడదాకా ఉండేవి, పడవలు ఆ ద్వారం ముందే ఆగేవి. ఇప్పుడు మధ్యలో రీవా అనే విశాలమైన నడక దారి, తాటిచెట్లు. వెనక్కి తిరిగి గోడ చూపించి గైడ్ సెలవు తీసుకుంది. చక్రవర్తి సముద్రం చూసిన కమానుల మధ్య ఇప్పుడు ఎవరివో కిటికీలు, కర్టెన్లు, ఒక డిష్ యాంటెనా. ఆ యాంటెనాని ఫోటో తీస్తుంటే అబ్బాయి ఎందుకమ్మా అన్నాడు. అక్కడ మనుషులున్నారని గుర్తుకి తీసుకున్నాను అన్నాను.

మర్నాడు పొద్దున్న ఆరున్నరకి ఒక్కదాన్నే వెళ్ళాను. వెండి ద్వారం బయట పజార్ అని కూరగాయల సంత జరుగుతుంది. అక్కడ సోపార్నిక్ కొనుక్కున్నాను. పల్చటి రెండు రొట్టెల మధ్య బ్లిత్వా అనే ఆకుకూర, ఉల్లిపాయ పెట్టి కాల్చి, పైన ఆలివ్ నూనె, వెల్లుల్లి రాస్తారు. మాంసం ఉండదు. అది చేత్తో పట్టుకుని పెరిస్టైల్ మెట్ల మీద కూర్చున్నాను. కాఫీ బల్లలు ఇంకా వెయ్యలేదు. సంత వైపు నుంచి ఒక ముసలావిడ వచ్చింది, నల్ల స్వెట్టర్, చక్రాల సంచి. రాళ్ళ సందుల్లో చక్రాలు టకటకమంటుంటే స్ఫింక్స్ పక్కనుంచి, దాని వైపు చూడకుండానే, నడుచుకుంటూ ఆ ఇరుకు సందులోకి వెళ్ళిపోయింది. సంచి మూతలోంచి బ్లిత్వా కాడలు బయటికి కనబడుతున్నాయి.